పక్క సీటు బ్రేకు

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో పేరు. తలుపు గడియ పెట్టాక మళ్ళీ వెళ్ళి లాగి చూస్తాను. కొట్లో తూకం వేస్తుంటే మనిషి మొహం కాదు, ముల్లు చూస్తాను. అమ్మ నన్ను డిటెక్టివ్ అంటుంది, ముద్దుగా మాత్రం కాదు. ఆ గుణం మార్చుకోమని చిన్నప్పటి నుంచి చెప్పీ చెప్పీ ఆవిడ నోరు నొప్పి పుట్టింది. ఆ ఒక్క వేసవి తర్వాత చెప్పడం మానేసింది.

మాది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఏదో ఊహించుకోనక్కర్లేదు. ఒక పాత తెల్ల బండి, ముందు గదిలో ఒక బల్ల, గోడకి రోడ్డు గుర్తుల పటం, నాన్న. అంతే స్కూలు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు ముందు కూర్చుంటారు, నేర్పేవాళ్ళు పక్క సీట్లో కూర్చుంటారు. ఆ పక్క సీటు కింద కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. కొత్తవాళ్ళు బెదిరిపోయి కాళ్ళు పైకెత్తేసినా బండి ఆగుతుందంటే ఆ రెండో బ్రేకు వల్లే. నాన్న బండెక్కగానే చెప్పులు విప్పేసేవాడు. తెల్ల సాక్సులతోనే ఆ పెడల్స్ మీద కాళ్ళు పెట్టుకునేవాడు. చెప్పుంటే పెడల్ సంగతి కాలికి తెలియదని ఆయన సిద్ధాంతం. ఊళ్ళో సగం మంది ఆ సాక్సుల పక్కన కూర్చునే డ్రైవింగ్ నేర్చుకున్నారు. అందరికీ ఆయన మాస్టారే.

ఆ ఏడు వేసవిలో మొదటిసారిగా నాకు ఉదయం బ్యాచ్ ఇచ్చాడు. ఇచ్చాడనడం పెద్ద మాట. ఆడవాళ్ళు చాలామంది నేనైతే చేరతామన్నారు కాబట్టి వదిలాడు. ఉదయం పక్క సీటు నాది, మధ్యాహ్నం నుంచి ఆయనది. లైసెన్సు వచ్చి ఎన్నేళ్ళయినా నన్ను ముందు గదిలో బల్ల దగ్గరే కూర్చోబెట్టిన మనిషి అంతవరకు దిగిరావడమే గొప్ప. ఆ సీటు కోసం నేనెంత ఆశపడ్డానో చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

సరిగ్గా అప్పుడే బండి ఉడకడం మొదలెట్టింది.

మొదటిసారి నాలుగు రోడ్ల కూడలిలో. స్టీరింగు దగ్గర దర్జీ ఆవిడ ఉంది. మా వీధి చివర బట్టలు కుట్టే దుకాణం ఆవిడదే. వేడి చూపించే ముల్లు చూస్తుండగానే ఎర్ర గీతలోకి వెళ్ళిపోయింది. బానెట్ సందుల్లోంచి బుసబుసా ఆవిరి. దర్జీ ఆవిడ స్టీరింగు వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది, నేనేం ముట్టుకోలేదు అన్నట్టు. దారిన పోయేవాళ్ళందరూ ఆగి తలా ఒక సలహా పడేసి పోయారు. చల్లారేదాకా ఆగి రేడియేటర్ మూత తీస్తే లోపల ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంటు లేదు. వారం కిందటే మెకానిక్ ఎర్రటి కూలెంటు నిండా పోశాడు.

ఇంటికొచ్చాక నాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"నా చేతిలో ఇన్నేళ్ళలో ముల్లు సగం దాటలేదు," అన్నాడు.

"బండి పాతదైపోయింది నాన్నా."

"నేనూ పాతవాణ్ణే. నేనేమన్నా ఉడుకుతున్నానా?"

"ఇప్పుడు ఉడుకుతున్నావుగా," అంది అమ్మ లోపల్నుంచి.

నాన్న అది వినిపించుకోలేదు. "చూడమ్మడూ, ఇంకోసారి బండి ఉడికిందంటే ఆ సీటు సంగతి మర్చిపో. బండి బాగోగులే చూసుకోలేనివాళ్ళు అందులో కూర్చున్న మనుషులకేం పూచీ పడతారు?"

ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. మర్నాడే బండిని మెకానిక్ దగ్గరికి తోలుకెళ్ళాను. ఆయన్ని అందరూ స్పానర్ అంటారు. నాన్నకి పాత స్నేహితుడు, కూలెంటు పోసిందీ ఆయనే. అందుకే నాకు మొదటి అనుమానం ఆయన మీదే. గొట్టాలన్నీ చేత్తో పిసికి చూశాడు. రేడియేటర్‌లోకి గాలి కొట్టి చెవి పెట్టి విన్నాడు. కింద అట్ట పరిచి, నన్ను అక్కడే కూర్చోబెట్టి, తను తాపీగా టీ తాగొచ్చాడు. అట్ట మీద చుక్క లేదు.

"మరి కూలెంటు ఎటుపోతోంది?"

"ఇంజిన్ లోపలికి పోతుంటే ఆయిల్ పాలలా తెల్లబడాలి, పొగ తెల్లగా రావాలి. ఆ రెండూ లేవు," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

"అంటే లీకు లేదంటావా బాబాయ్?"

"నేను చూసినప్పుడు లేదంటున్నాను. నేను చూడనప్పుడు సంగతి మీ ఇంట్లోవాళ్ళు చెప్పాలి."

ఆ చివరి మాట అదోలా అన్నాడు. లేకపోతే నాకే అలా వినిపించిందేమో. దారంతా దాన్నే నములుకుంటూ వచ్చాను.

ఇంజిన్ పక్కన కూలెంటు సీసా ఒకటి ఉంటుంది కదా, దాని మీద గోళ్ళరంగుతో సన్నగా గీత పెట్టాను. ఉదయం బ్యాచ్ అయిపోయి బండి చల్లారాక రేడియేటర్ నింపి, సీసా కూడా సరిగ్గా గీత దాకా పోసేదాన్ని. మర్నాడు పొద్దున చూస్తే గీతకి బెత్తెడు కిందికి ఉండేది, రేడియేటర్ కూడా మళ్ళీ నింపాకే బయల్దేరేదాన్ని. రాత్రి బండి షెడ్డులో ఉంటుంది, తాళం చెవి నా దిండు కింద ఉంటుంది. షెడ్డు నేల పొడిగా ఉండేది. ఇక మిగిలింది మధ్యాహ్నం బ్యాచ్. అంటే నాన్న.

నాన్న ఎందుకు చేస్తాడంటారా? కారణం నా దగ్గర సిద్ధంగా ఉంది. ఆయన బ్యాచ్ వాళ్ళు ఒక్కొక్కరే నా బ్యాచ్‌లోకి జారుకుంటున్నారు. దర్జీ ఆవిడ కూడా అలా వచ్చినదే. "మాస్టారు దేవుడమ్మా, కానీ ఆ బండిలో మధ్యాహ్నం కూర్చోలేం. కాళ్ళ దగ్గర పొయ్యి వెలిగించినట్టు ఉంటుంది," అని నాతో అంది. మధ్యాహ్నపు ఎండ అలాగే ఉంటుందిలే అనుకున్నాను. కానీ సొంత కూతురి దగ్గరికి శిష్యులు పోతుంటే మాస్టారికి ఎలా ఉంటుంది? బండి నా చేతిలో ఇంకోసారి ఉడికితే చాలు, సీటు మళ్ళీ రోజంతా ఆయనదే.

ఇలా అనుకున్నాక ఇంట్లో ప్రతిదీ సాక్ష్యంలాగే కనిపించింది. తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టని మనిషి రోజూ సాయంత్రం పక్క సీటు కిందున్న రబ్బరు చాప తీసి కుళాయి దగ్గర రుద్ది కడుగుతున్నాడు. బండిలోకి కొత్తగా సెంటు సీసా ఒకటి తెచ్చి వేలాడదీశాడు. ముందు అద్దానికి లోపలివైపు పొద్దున్నే జిడ్డు పొర ఉంటోంది, ఎంత తుడిచినా మర్నాటికి మళ్ళీ తయారు. ముందు బంపర్‌కి కొత్త సొట్టలు పడ్డాయి. అడిగితే, "మందుల షాపాయన కాలు బరువు, గేటుకి ఆనించేశాడు," అన్నాడు. పక్క సీట్లో బ్రేకు ఉండగా గేటుకెలా ఆనిందని నేను అడగలేదు. ఆ రోజుల్లో నా బుర్ర కూలెంటు దగ్గరే తిరుగుతోంది.

ఒకరోజు పొద్దున సీసా గీత దాకా నిండుగా ఉంది. సంతోషించాల్సింది పోయి నాకు అనుమానం రెట్టింపయింది. రంగు తేడాగా ఉంది. ఎర్రగా ఉండాల్సింది గులాబీ రంగుకి దిగింది. ఎవరో కుళాయి నీళ్ళు కలిపి, నా గీతకి కొలిచినట్టు నింపారు. ఆ గీత సంగతి ఎవరికీ చెప్పలేదు నేను. నింపింది కూడా సీసా ఒక్కటే. రేడియేటర్ ఖాళీగానే ఉందని మా వీధి మలుపు తిరిగాక ముల్లే చెప్పింది. వెంటనే ఇంజిన్ ఆపించి, నేనూ దర్జీ ఆవిడా కలిసి బండిని ఇంటిదాకా తోశాం.

"మా నాన్నతో అనకండి," అన్నాను రొప్పుతూ.

"ఏమననమ్మా? బండి తొయ్యడం కూడా నేర్పారని అనుకుంటాను," అంది.

ఆ వారంలోనే సాక్సులు దొరికాయి. మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక, ఎవరి కంటా పడని చోట ఆరేసి ఉన్నాయి. తెల్ల సాక్సులు, పాదం దగ్గర గులాబీ మరకలు. ఎంత రుద్దినా పోలేదని చూస్తేనే తెలుస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తియ్యటి వాసన. కూలెంటు వాసన నాకు తెలుసు. ఇంకేముంది, దొంగ దొరికాడు. బండి కిందికి దూరి ఎక్కడో మర వదులు చేసి వదిలేస్తున్నాడు, అది కాళ్ళ మీద పడుతోంది. సాక్సులు తీసుకెళ్ళి అమ్మ ముందు పడేశాను.

అమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇవి ఎవరు ఉతికారు?"

"ఇంకెవరు, నాన్నే."

"పెళ్ళయినప్పటి నుంచి జేబురుమాలు పిండని మనిషి." అమ్మ మొహంలో రంగు మారింది. "నీ బండి గోల నాకు తెలీదు. ఆయన మాత్రం ఏదో దాస్తున్నాడు. నెల రోజులుగా గది తలుపేసుకుని సాక్సులు మార్చుకుంటున్నాడు. నేను లోపలికెళ్తే దుప్పటి కప్పేసుకుంటున్నాడు."

నాకు వచ్చిన గుణం ఎక్కడిదో అప్పుడు తెలిసింది. ఇద్దరం కలిసి తీర్మానించుకున్నాం. ఆ రోజు మధ్యాహ్నం, బజారులో దింపమనే వంకతో నేను వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాను.

నాన్నకి నచ్చలేదు. "ఆటోలో పోకూడదూ?" అన్నాడు.

"మన బండి ఉండగా ఎందుకు నాన్నా?"

స్టీరింగు దగ్గర మందుల షాపాయన. నాన్న చెప్పులు విప్పి, తెల్ల సాక్సుల కాళ్ళు పెడల్స్ మీద పెట్టుకున్నాడు. కాళ్ళు పెట్టేముందు వంగి చూసుకున్నాడు. అది కూడా మనసులో రాసుకున్నాను. బండి కదిలింది. బజారు రద్దీలో పడ్డాక ముల్లు మెల్లగా పైకి లేచింది. సగం దాటింది. ఇన్నేళ్ళలో దాటలేదన్న సగం. నాన్న అద్దంలోంచి నావైపు ఒకసారి చూసి, తన వైపు కిటికీ అద్దం దింపుకుని, చెయ్యి చాపి డాష్‌బోర్డు మీద మీటనొకదాన్ని చివరిదాకా జరిపాడు. అది హీటరు మీట. మండు వేసవిలో హీటరు.

మొదట పిచ్చి పట్టిందనుకున్నాను. కాసేపటికి ముల్లు కిందికి దిగడం చూశాక అర్థమైంది. ఇంజిన్ వేడిని బండి లోపలికి లాగేస్తున్నాడు. పాతకాలం డ్రైవర్ల కిటుకు. మనుషులు ఉడికినా ఇంజిన్ ఉడకదు. తన చేతిలో బండి వేడెక్కదని ఇన్నాళ్ళూ ఇలా నిలబెట్టుకుంటున్నాడన్నమాట. బండి దిగేముందు మీట మళ్ళీ యథాస్థానంలోకి. నవ్వు, కోపం రెండూ వచ్చాయి. అడుగుదామని ముందుకి వంగాను.

తియ్యటి వాసన గుప్పుమంది. ముందు అద్దం మీద సన్నగా మంచులాంటి పొర. డాష్‌బోర్డు కింద నుంచి చుక్క, చుక్క వెంట చుక్క, చివరికి సన్నని ధార. నాన్న పాదం మీద పడుతోంది. పడ్డచోట పొగలు లేస్తున్నాయి. తెల్ల సాక్సు గులాబీ రంగులోకి తడిసిపోతోంది.

నాన్న పాదం కదల్లేదు. "తొందరేం లేదు బాబూ, క్లచ్చు నెమ్మదిగా వదులు. బస్సుని పోనివ్వు," అని పాఠం చెబుతున్నాడు. గొంతులో చిన్న తేడా కూడా లేదు.

"నాన్నా, కాలు తియ్యి."

"ఏంటి?"

"కాలు తియ్యి నాన్నా, మరుగుతున్న నీళ్ళు పడుతున్నాయి."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏ కాలు?" అన్నాడు.

బండి పక్కకి ఆపించాను. మందుల షాపాయనే ముందు తేరుకుని, తాగే నీళ్ళ సీసా తెచ్చి నాన్న పాదం మీద పోశాడు. సాక్సు తీస్తే పాదం పైన బొబ్బలు. నాన్న వాటిని వేరే ఎవరి కాలో చూస్తున్నట్టు చూశాడు.

ఆసుపత్రిలో డాక్టరు నాన్నని కళ్ళు మూసుకోమని, అరికాలి మీద సూదితో అక్కడక్కడా గుచ్చాడు. చాలాసేపు గుచ్చాడు. నాన్న కళ్ళు మూసుకునే, "కానివ్వండి, ఎప్పుడు మొదలెడతారు?" అన్నాడు. అమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. నాన్నకున్నట్టు షుగరు పాతదైతే పాదాల్లో స్పర్శ ఇలా పోతుందని, కాలిన గాయం మానుతుంది గానీ పోయిన స్పర్శ తిరిగొస్తుందని చెప్పలేనని డాక్టరు అన్నాడు. ఇంకా కొన్నాళ్ళు ఆలస్యమైతే పుండు పడి పాదమే పోయేదట.

కట్టు కట్టాక నాన్న నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఆ సాక్సులకి అంటుతున్నది బండిదా?"

"బండిదే. హీటరులో చిన్న రేడియేటర్ ఉంటుంది, అది చిల్లుపడింది. నువ్వు మీట జరిపితేనే దాన్లోకి కూలెంటు వెళ్తుంది, అప్పుడే లీకు. అందుకే స్పానర్ బాబాయికి దొరకలేదు, నాకూ దొరకలేదు."

నాన్న ఊపిరి వదిలి నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా కాలే కుళ్ళిపోతోందనుకున్నానమ్మడూ. మొద్దుబారిందని తెలుసు. రోజూ సాక్సు ఎర్రగా తడుస్తుంటే రసీ నెత్తురూ కలిసి వస్తోందనుకున్నాను. తియ్యటి వాసన వస్తుంటే, ఇంకేముంది, నా షుగరే బయటికి వస్తోందనుకున్నాను. అరికాలు చూసుకుందామంటే ఈ పొట్ట కాలు మడవనివ్వదు. ఇంకొకళ్ళకి చూపిస్తే కాలు తీసేయాలంటారని భయం."

"మరి సీసాలో నీళ్ళు?"

"నీ గీత చూశాను. నా బ్యాచ్‌లోనే తగ్గుతోందని తెలిస్తే నువ్వు వదలవుగా, బండెక్కి కూర్చుని నా కాలు చూసేస్తావు."

అంత భయాన్ని ఒక్కడే నెల రోజులు మోశాడని జాలేసింది. ఆ వెంటనే గేటుకి ఆనిన బంపర్ గుర్తొచ్చింది.

"ఆ కాలుతోనే ఆ సీట్లో కూర్చున్నావు నాన్నా," అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది.

స్పానర్ బాబాయి హీటరుకి వెళ్ళే గొట్టాలు రెండూ తీసి, హీటరుతో పని లేకుండా ఒకదానికొకటి కలిపేశాడు. పాతబడి వదులైన రేడియేటర్ మూత కూడా మార్చాడు. అంతే, బండి ఉడకడం మానేసింది. నాన్న గాయం ఆరడానికి మాత్రం వేసవి అంతా పట్టింది. కట్టు విప్పిన రోజు కర్ర పట్టుకుని తిన్నగా షెడ్డులోకి నడిచి, పక్క సీట్లో కూర్చున్నాడు. నన్ను పిలిచాడు.

"కళ్ళు మూసుకుంటాను. నా కాలు ఎక్కడుందో నేను చెప్తాను. అవునో కాదో నువ్వు చెప్పు. మొహమాటపడకు."

కళ్ళు మూసుకున్నాడు. కాలు ఎత్తి ముందుకి పెట్టి నొక్కాడు. "బ్రేకు," అన్నాడు.

ఆయన కాలు బ్రేకు పక్కన నేల మీద ఉంది. బలంగా నొక్కుతున్నాడు. అవునంటే పోయేదేముంది, బండి ఇంజిన్ కూడా ఆన్‌లో లేదు కదా అని ఒక్క క్షణం అనిపించింది.

"కాదు నాన్నా. నేల."

కళ్ళు తెరిచి చూసుకున్నాడు. కర్ర తీసుకుని దిగాడు. తలుపు మాత్రం వెయ్యలేదు, నా కోసం తెరిచే ఉంచాడు. "మధ్యాహ్నం వాళ్ళకి కూడా నువ్వే ఫోన్ చేసి చెప్పు," అని లోపలికెళ్ళిపోయాడు. ఎన్నేళ్ళుగానో కోరుకున్న సీటు అది. ఎక్కి కూర్చోవడానికి నాకు కాళ్ళు రాలేదు.

తర్వాత కొన్ని రోజులు ఆయన ముందు గదిలో నా పాత కుర్చీలో కూర్చుని, గోడ మీద రోడ్డు గుర్తులు చూస్తూ గడిపాడు. బండి వచ్చిన చప్పుడైతే లేచి కిటికీ దగ్గరికి వచ్చేవాడు, నేను చూస్తే వెనక్కి వెళ్ళిపోయేవాడు. అమ్మ నన్ను పక్కకి లాగి, "ఏదైనా చెయ్యవే. ఆ మనిషిని అలా చూడలేకపోతున్నాను," అంది. నాకేం చెయ్యాలో తెలియలేదు. పోయిన స్పర్శ నేను తెచ్చివ్వగలిగేది కాదు.

ఎండలు తగ్గి మబ్బులు పడుతున్న ఒక మధ్యాహ్నం, మేం బయల్దేరుతుంటే పిలవకుండానే వచ్చి వెనక తలుపు తీసి ఎక్కాడు. "బజారులో దింపండి," అన్నాడు. ఆయనకి బజారులో పనేం లేదని నాకు తెలుసు. స్టీరింగు దగ్గర దర్జీ ఆవిడ ఉంది. మర్నాడు ఆవిడ లైసెన్సు పరీక్ష, అందుకే మధ్యాహ్నం కూడా వచ్చింది.

పాత గోడౌన్ దాటుతుంటే సందులోంచి సైకిలు ఒకటి దూసుకొచ్చింది. దర్జీ ఆవిడ రెండు కాళ్ళూ పైకెత్తేసింది. నేను తొక్కాను. బండి కుదిపి ఆగింది. సైకిలు వాడు బానెట్‌కి చెయ్యి ఆనించి నిలదొక్కుకుని, తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. నాన్న పాదం నా సీటు వెనక నేలకి అదిమి ఉంది. మోకాలు బిగుసుకుపోయి ఉంది. ఆయనేమో సైకిలు వాడు వెళ్ళిన వైపే చూస్తున్నాడు.

"నాన్నా, నువ్వు తొక్కావు," అన్నాను.

"ఏం తొక్కాను?"

"బ్రేకు. దబ్బుమని వినిపించింది. నీది పడ్డాక నాది పడింది."

ఆయన వంగి కిందికి చూసుకున్నాడు, తర్వాత నా మొహంలోకి చూశాడు. నేను కొట్టువాడి తూకం వైపు ఎలా చూస్తానో అలా చూశాడు. "నన్ను సంతోషపెట్టడానికి చెప్తున్నావు."

"నేనెప్పుడైనా నిన్ను సంతోషపెట్టానా?"

అది కూడా సరిపోలేదు. ముందుకి వంగి దర్జీ ఆవిణ్ణి అడిగాడు. "నీకేమైనా వినిపించిందా తల్లీ? నిజం చెప్పు."

ఆవిడ ఈసారి స్టీరింగు వదల్లేదు. "వెనక దబ్బుమందండీ మాస్టారూ. ఆ తర్వాతే బండి ఆగింది. మీరు ముందు సీటుని తన్నారేమో అనుకున్నాను."

నాన్న వెనక్కి జారగిలబడ్డాడు. చొక్కా చేత్తో కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. తర్వాత కర్రతో నా భుజం మీద చిన్నగా తట్టాడు.

"అయితే నువ్వు ఆలస్యంగా తొక్కావు," అన్నాడు. "సందు కనిపించగానే కాలు బ్రేకు మీదికొచ్చి కూర్చోవాలి. సైకిలు కనిపించేదాకా ఆగితే ఎలా? బండి వెనక్కి తీయించు. మళ్ళీ ఆ సందు దగ్గరికే రండి, చూస్తాను."

రివర్సు గేరు వెయ్యమని దర్జీ ఆవిడతో చెప్పి, నేను చెప్పులు విప్పేశాను.